ఒంటరి కణుజు

వేటకథలలో పులికి దక్కిన గౌరవము కణుజుకు దక్కలేదు. ఇది అన్యాయమని నా అభిప్రాయము. దున్నదూడను కట్టి, మంచెమీద కూర్చుండి పులిని రప్పించుకొనవచ్చును. వయసు ముదిరిన మగ కణుజు యెడ ఆ ఉపాయము చెల్లదు. దాని అడవిలో, దాని వేళకు, దాని జాడ పట్టి పోవలసినదే. అట్లు పోయినవానిని తరచుగా అదియే ముందు కనిపెట్టును.

పట్టణవాసులు సాంబరు అనునది దీనినే. మన దేశపు హరిణములలో ఇదియే పెద్దది. బాగుగ ఎదిగిన మగది మూడువందల కిలోల వరకు తూగవచ్చును. సాధారణముగ కొమ్మునకు మూడేసి కొనలుండును. ఆ కొమ్ములు రాలి మరల మొలచును; కృష్ణజింక కొమ్ములు రాలవు. (బడిలో మనము రెంటిని 'జింక' అను ఒక్క మాటతో సరిపెట్టుచున్నాము.) మొలచునపుడు వానిపై నూగుగల మెత్తని తోలుండును. కొమ్ము గట్టిపడిన పిదప మగది చెట్లకు రాచి ఆ తోలు వదిలించుకొనును. బెరడు లేచిన చెట్టు వేటగానికి తొలి సాక్ష్యము.

తక్కిన సాక్ష్యములు నేలమీద దొరకును. అంచు పదునుగ నున్న అడుగు కొత్తది. అంచు విరిగి, లోపల ఆకు రాలి, సాలెపురుగు దారము అడ్డముగ సాగియున్నచో పాతది. పెంట తడి చూతురు. చిటికెడు దుమ్ము జారవిడిచి గాలివాలు చూతురు. ఈ చివరిది మరచినవానికి తక్కిన విద్య యంతయు వృథా. కణుజు కంటికంటె ముక్కును, చెవిని నమ్మును. ముదురు మగది ఏడాదిలో చాలభాగము ఒంటరిగ తిరుగును. రాత్రి మేసి, తెల్లవారకముందే దట్టమైన పొదలు చేరును. అలికిడి విన్నంతనే పరుగెత్తదు, మ్రానువలె నిలుచును. ఇక దాగుట కుదరదని తోచినపుడు ముంగాలితో నేల తన్ని, తోక నిక్కించి, ఒక్క కేక పెట్టును. దానితో ఆ కొండవాలంతయు మేలుకొనును. నల్లమల చెంచులు విల్లంబులతో వేటాడినవారు; బాణపు దూరమునకు చేరవలెనన్న ఈ జాడల చదువు లేక గడవదు.

ఇట్టి కీర్తియే ఉత్తర అమెరికాలోని తెల్లతోక జింకకు కలదు. అచటి మహారణ్యములలో వేటగాండ్రు అనుమతిపత్రము పొంది, చలికాలపు తొలి మంచుపై ఒకే మగదాని అడుగులను దినమంతయు వెంబడింతురు. మన కణుజును 1860 దశాబ్దిలో ఆస్ట్రేలియాలోని విక్టోరియాకు కొనిపోయిరి. అచటి కొండలలో అది వృద్ధిచెందినది. నేటికిని చట్టబద్ధముగ దానిని వేటాడుచున్నారు.

మన దేశమున ఇట్టి షికారునకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పగ్గము వేసినది. 1991 సవరణతో అది పూర్తిగ నిషిద్ధమైనది. హైదరాబాదునకు తూర్పున నున్న నిజాము వేటభూమి 1975లో మహావీర హరిణ వనస్థలి ఐనది. నగరమునకు పడమట, దొంతన్‌పల్లి నుండి గండిపేట చెరువు దిక్కుగ పోయిన, మొయినాబాదు చేరువనున్న చిలుకూరు అడవి 1994లో మృగవని జాతీయవనమైనది. అందు చుక్కల దుప్పులును, కణుజులును కలవు. తుపాకి భయము లేదు. విస్తీర్ణము మాత్రము ఇంచుమించు 3.6 చదరపు కిలోమీటర్లు.

నాకు తోచు చిక్కు ఇచ్చటనే యున్నది. నల్లమలలో బలమైన మగదానికి ఓడిన లేతవయసుది మరియొక కొండకు పోవును. మృగవని చుట్టు కంచె, ఆవల బాటలు, ఇండ్ల స్థలములు. లోపలిది పోవు త్రోవ ఏది? వెలుపలి అడవులనుండి కొత్త నెత్తురు వచ్చు త్రోవ ఏది? ముదురు మగది ఒంటరిగ దాగవలెనన్న దానికొక కొండవాలైన కావలెను గదా. ఇట్టి వనములలో ఎన్ని యున్నవో, ఏవి యున్నవో తెలిసికొనువారికి పనికివచ్చునది ఆ పాత వేటగాని చదువే. వారును చూచునవి ఆ అడుగులే, ఆ పెంటయే.

పిల్లలను చిలుకూరు గుడికి తీసికొనిపోవు ఉపాధ్యాయులు మృగవనికి కూడ ఒక పూట కేటాయింపవచ్చును. వాన వెలిసిన మరునాడు, ఉదయముననే పోవుట మేలు. నీటి అంచున బురదలో చీలిన గిట్టల అచ్చులుండును. గుంపులుగ నున్న చిన్నవి చుక్కల దుప్పులవి. వానికంటె చాల పెద్దవి, ఒంటరిగ పొదలవైపు సాగినవి కనబడెనా, బెరడు లేచిన చెట్టు కొరకు ఆ చుట్టుపట్ల చూడవలెను.