విత్తనానికి పట్టించిన పాదరసం

విత్తనం బూజు పట్టకుండా మందు పట్టించడం మన కూలీలకు కొత్త కాదు. ఆ మందు పాదరసంతో చేసిందైతే ఏమవుతుందో 1971-72లో ఇరాక్ పల్లెలు చూశాయి.

కరువు రోజులు. ప్రభుత్వం మెక్సికో, అమెరికాల నుంచి సుమారు 95 వేల టన్నుల గోధుమ, బార్లీ విత్తనాలు తెప్పించింది. వాటికి మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు మందు పట్టించి, గుర్తుకు రంగు వేశారు. చాలా ఊళ్లకు అవి చేరేసరికి అదను దాటింది. ఇంట్లో చూస్తే పిండి లేదు. బస్తాల మీద హెచ్చరిక ఉంది, స్పానిష్‌లో, ఇంగ్లీషులో! అరబ్బీ, కుర్దీ మాట్లాడే రైతుకు అవి వట్టి గీతలు. రంగు కడిగేస్తే మందూ పోయిందనుకున్నారు. రంగే పోయింది. ఆ గింజలు విసిరి రొట్టెలు చేసుకు తిన్నారు. వెంటనే ఏమీ కాలేదు. వారాలు గడిచాక కాళ్లూ చేతులూ తిమ్మిరెక్కాయి, నడక తూలింది, చూపు పోయింది, మాట పడిపోయింది. కడుపులో ఉన్న బిడ్డలకూ విషం సోకింది. ఆస్పత్రుల్లో చేరినవారు 6,530 మంది, అక్కడ చనిపోయినవారు 459 మంది. ఆస్పత్రి గడప తొక్కనివారు ఈ లెక్కలో లేరు.

తెలియక జరిగిందంటే మేము ఒప్పుకోం. 1956లో, 1960లో ఇరాక్‌లోనే ఇలాంటి విత్తనం తిని జనం చచ్చిపోయారు. స్వీడన్ 1966లోనే ఈ మందును విత్తనాలకు వాడవద్దంది.

పాదరసం మీద ప్రపంచ దేశాల ఒప్పందం కుదిరింది 2013లో. ఫ్యాక్టరీ వదిలిన పాదరసంతో చేపలు తిన్న జనం నాశనమైన జపాన్ ఊరు మినమాటా పేరే దానికి పెట్టారు. 2017లో అమల్లోకొచ్చింది, 2018లో మన దేశం ఆమోదించింది. పాదరసపు పురుగుమందుల తయారీ, ఎగుమతి, దిగుమతి 2020తో ఆపాలన్నారు. అడిగిన దేశాలకు గడువు పెంచే వీలూ ఉంచారనుకోండి. మన దగ్గర చెరకు ముచ్చెలకూ బంగాళాదుంపకూ వాడనిచ్చిన పాదరసపు మందును 2018 ఆగస్టులో నిషేధించారు. ముచ్చెలను మందునీళ్లలో ముంచేది కూలీ చేతులే కదా!

మరి మిగతా విషాల సంగతి? వాటి ఎగుమతులపై 1998 నాటి రాటర్‌డామ్ ఒప్పందం ఉంది. అందులో హెచ్చరిక దిగుమతి చేసుకునే దేశపు అధికార భాషలో ఉండాలన్నారు, అదీ ‘వీలైనంత వరకు’. ఆ లెక్కన మనకు హిందీలోనో ఇంగ్లీషులోనో వేసినా సరిపోతుంది. ఇరాక్ కుర్దు రైతుకు పట్టిన గతి ఇదే సందులోంచి మన గుమ్మంలోకి రాగలదు.

అందుకని, మందు పట్టించిన విత్తనం దిగిన ఊళ్లో బస్తా విప్పకముందే తెలుగు హెచ్చరిక కోసం సంఘం అడగాలి. చదవడం రానివారికి చదివి వినిపించాలి. మిగిలిన గింజలు కడిగినా సరే ఇంటికి పోకూడదు, కోళ్లకూ వేయకూడదు.