కొవ్వు తగ్గడం: మూడు నెలల పందెం కాదు, మూడేళ్ల లెక్క

కోల్‌కతా తూర్పు అంచున ఉన్న న్యూ టౌన్‌లో ఉదయం ఆరింటికి రెండు రకాల మనుషులు ఎదురవుతారు. ఎకో పార్కు వైపు నడకకు వెళ్లేవారు కొందరు. అమెరికా, యూరప్ వేళలకు తగ్గట్టు రాత్రంతా కంప్యూటర్ ముందు పనిచేసి, క్యాబ్ దిగి ఇంటికి చేరేవారు మరికొందరు. ఇద్దరి ఫోన్లలోనూ ఒకే తరహా ప్రకటన కనిపించవచ్చు: మూడు నెలల్లో 15 కిలోలు తగ్గండి!

నడవడానికి ఇక్కడ చోటు కొరవడలేదు. ఎకో పార్కు ఒక్కటే దాదాపు 480 ఎకరాలు. విశాలమైన రోడ్లు, సైకిల్ దారులు ఉన్నాయి. పక్కనే ఉన్న సాల్ట్ లేక్ సెక్టర్ 5లోనూ, న్యూ టౌన్‌లోనూ ఐటీ ఉద్యోగం చేసేవారికి కరువైనవి వేరే ఉన్నాయి: వేళకు తిండి, వేళకు నిద్ర, కదిలే తీరిక. హైదరాబాద్ గచ్చిబౌలిలోనో విశాఖ మధురవాడలోనో ఉండేవారి కథ కూడా ఇంతే. ఇలాంటి జీవితంలో కొవ్వు తగ్గించుకోవాలంటే లక్ష్యం ఎంత పెట్టుకోవాలి? సంకల్పబలం మాట తర్వాత, ముందు లెక్క సరిగ్గా వేసుకోవాలి.

కొవ్వు ఎక్కడికి పోతుంది?

కొవ్వు చెమటగా కారిపోతుందనీ, కండగా మారుతుందనీ చాలామంది అనుకుంటారు. రెండూ తప్పే. రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ లెక్క తేల్చారు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితిత్తుల నుంచి బయటికి పోతుంది. మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. ఇందుకు మనం పీల్చుకోవాల్సిన ఆక్సిజన్ 29 కిలోలు. అంటే కొవ్వు నెమ్మదిగా, శ్వాస వెంట శ్వాసగా మాత్రమే పోగలదు.

మరి కొత్త డైట్ మొదలుపెట్టిన వారంలోనే రెండు కిలోలు తగ్గడం ఏమిటి? కాలేయం, కండరాలు కొంత పిండిపదార్థాన్ని గ్లైకోజన్ రూపంలో దాచుకుంటాయి. ఒక్కో గ్రాము గ్లైకోజన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గిస్తే గ్లైకోజన్ ఖర్చయి ఆ నీరు పోతుంది. మామూలుగా తినగానే తిరిగి వస్తుంది. మొదటి వారపు సంబరం, మూడో వారపు నిరాశ చాలావరకు ఈ నీటివల్లే.

7,700 లెక్క ఎక్కడ తప్పుతుంది?

కిలో బరువు తగ్గాలంటే సుమారు 7,700 కేలరీల లోటు కావాలన్నది చాలాకాలంగా వాడుకలో ఉన్న సూత్రం. అమెరికా వైద్యుడు మ్యాక్స్ విష్నోఫ్స్కీ 1958లో ప్రచురించిన లెక్క దీనికి మూలం. దీని ప్రకారం రోజుకు 250 కేలరీలు తగ్గిస్తే ఏడాదిలో దాదాపు 12 కిలోలు, మూడేళ్లలో 35 కిలోలు తగ్గాలి. 70 కిలోల మనిషి మూడేళ్లలో సగమైపోవాలి! అలా ఎవరికీ జరగదు.

అడుగున రంధ్రం ఉన్న నీళ్ల తొట్టెను ఊహించుకోండి. పైన కుళాయి కొంచెం కట్టేస్తే నీటిమట్టం దిగుతుంది. మట్టం దిగిన కొద్దీ రంధ్రం నుంచి పోయే ధార కూడా సన్నబడుతుంది. చివరికి వచ్చేది, పోయేది సమానమై మట్టం కొత్తచోట నిలిచిపోతుంది. తొట్టె ఖాళీ కాదు. శరీరమూ అంతే. బరువు తగ్గితే దాన్ని మోయడానికీ, పోషించడానికీ అయ్యే శక్తి తగ్గుతుంది.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన కెవిన్ హాల్ బృందం ఈ మార్పును గణిత నమూనాగా మలచి 2011లో లాన్సెట్‌లో ప్రచురించింది. అధిక బరువున్న సగటు వ్యక్తి రోజుకు సుమారు 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే, చివరికి తగ్గే బరువు ఒక కిలో. అందులో సగం తగ్గడానికే ఏడాది పడుతుంది. 95 శాతం తగ్గడానికి మూడేళ్లు. ఈ లెక్కన రోజూ 250 కేలరీల కోత ఇచ్చేది మొదటి ఏడాదిలో 5 కిలోలు, మూడేళ్లకు దాదాపు 10 కిలోలు. బరువు కొన్నాళ్లకు దిగడం ఆగిపోతే అది ఓటమి కాదు, తొట్టె కొత్త మట్టానికి చేరిందని అర్థం.

ఆశ ఒకచోట, శరీరం ఒకచోట

1997లో అమెరికాలో గ్యారీ ఫోస్టర్ బృందం స్థూలకాయం ఉన్న 60 మంది మహిళలను ఎంత తగ్గాలనుకుంటున్నారని అడిగింది. వారి లక్ష్యం సగటున శరీర బరువులో 32 శాతం. 17 కిలోలే తగ్గితే నిరాశే అన్నారు. 48 వారాల చికిత్స తర్వాత సగటున 16 కిలోలు తగ్గారు. వైద్యపరంగా ఇది చక్కటి ఫలితం. అయినా దాదాపు సగం మంది తాము నిరాశగా లెక్కగట్టిన స్థాయికి కూడా చేరలేదు.

వేగంగా తగ్గినవారి సంగతీ తెలుసు. 'ద బిగ్గెస్ట్ లూజర్' అనే టీవీ పోటీలో సగటున 58 కిలోలు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత హాల్ బృందం పరీక్షించింది. 41 కిలోలు తిరిగి వచ్చేశాయి. విశ్రాంతి వేళ వారి శరీరాలు ఖర్చు చేసే శక్తి మాత్రం ఉండాల్సినదానికంటే రోజుకు దాదాపు 500 కేలరీలు తక్కువగానే ఉండిపోయింది.

ఎంత తగ్గితే మేలు?

అమెరికాలో 3,234 మందితో జరిగిన మధుమేహ నివారణ అధ్యయనం లక్ష్యం చిన్నదే: 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం. 2002లో వచ్చిన ఫలితాల్లో ఈ జీవనశైలి బృందంలో మధుమేహం 58 శాతం తక్కువగా కనిపించింది. మెట్‌ఫార్మిన్ మాత్ర తీసుకున్నవారిలో తగ్గుదల 31 శాతమే.

చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహం అంచున ఉన్న 531 మందిపై చేసిన అధ్యయనం ఇంకో విషయం చెప్పింది. 2006లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం తిండి, నడక మార్చుకున్నవారిలో ముప్పు 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు! త్రాసు చూపని మేలు కూడా ఉంటుందన్నమాట.

మనవారికి త్రాసు ఒక్కటే చాలదనడానికి మరో ఉదాహరణ ఉంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్‌లో తమ సొంత కొలతలే ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. అందుకే భారతీయులకు బీఎంఐ 23 దాటితేనే అధిక బరువుగా చూస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, మహిళలకు 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. దేశంలో పెద్దవారిలో 39.5 శాతం మందికి పొట్ట చుట్టూ కొవ్వు ఎక్కువగా ఉందని 2023లో ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే తేల్చింది. ఈ సమస్యకు ఇంట్లో ఉండే టేపే మంచి పరికరం.

మన రోజుకు సరిపడే లెక్క

న్యూ టౌన్‌లో రాత్రి షిఫ్టు చేసే 80 కిలోల ఉద్యోగిని ఊహించుకుందాం. 7 శాతమంటే 5.6 కిలోలు. ఏడాది గడువు పెట్టుకుంటే రోజుకు 250 కేలరీల చుట్టూ మార్పు చాలు. షిఫ్టులో నాలుగు టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల చక్కెర అనుకుంటే మొత్తం 160 కేలరీలు. సగానికి తెస్తే 80 మిగులుతాయి. వంటలో తన వాటాకు వచ్చే నూనె రెండు చెంచాలు తగ్గితే 90. అరగంట చురుకైన నడకకు సుమారు 100. అన్నం మానలేదు, పూరీలకూ రసగుల్లాలకూ శాశ్వతంగా వీడ్కోలు చెప్పలేదు. అయినా లెక్క కుదిరింది.

వ్యాయామం ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. ఈ మనిషి పది అంతస్తులు, అంటే సుమారు 30 మీటర్లు మెట్లెక్కితే చేసే పని 23,500 జౌళ్లు. కండరాల సామర్థ్యం 20 నుంచి 25 శాతమే కాబట్టి ఖర్చయ్యేది దాదాపు 25 కేలరీలు. ఒక చిన్న బిస్కెట్‌తో సమానం! మెట్లు గుండెకు, కండరాలకు మేలు చేస్తాయి. తిన్నది కరిగించే బాధ్యత అంతా వాటి మీద పెట్టకూడదు.

నిద్రను కూడా లెక్కలో చేర్చాలి. షికాగోలో పదిమందిపై జరిగిన చిన్న అధ్యయనం 2010లో వెలువడింది. తిండి కోత ఒకటే, బరువూ దాదాపు ఒకేలా తగ్గింది. పడకపై ఎనిమిదిన్నర గంటలు గడిపిన రెండు వారాల్లో 1.4 కిలోల కొవ్వు పోతే, ఐదున్నర గంటలకు తగ్గించిన రెండు వారాల్లో 0.6 కిలోలే పోయింది. మిగతా తగ్గుదల కండ వంటి కొవ్వేతర భాగాల నుంచి వచ్చింది. షిఫ్టు మారేవారంలో బరువు లక్ష్యం పక్కన పెట్టి, చీకటి గదిలో ఏడు గంటల నిద్రనే లక్ష్యం చేసుకోవడం తెలివైన పని.

పండుగల మాటేమిటి? అమెరికాలో 195 మందిని గమనించిన 2000 నాటి అధ్యయనంలో పండుగ సీజన్‌లో పెరిగింది సగటున 0.37 కిలోలే. కానీ తర్వాత అది తగ్గలేదు. ఏటా అలాగే పోగుపడవచ్చు. దుర్గాపూజ నెలలోనో సంక్రాంతికో తగ్గాలని పట్టుబట్టకుండా, పెరగకుండా చూసుకుంటే అదే గెలుపు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మార్గదర్శకాలు వారానికి అర కిలో తగ్గడాన్ని సురక్షితమంటాయి. రోజుకు వెయ్యి కేలరీల కంటే తక్కువ తిండి వద్దంటాయి. గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు, తిండి విషయంలో మానసిక ఇబ్బంది పడినవారు వైద్యుణ్ని అడిగే మొదలుపెట్టాలి.

త్రాసు అంకె రోజూ కిలో అటూ ఇటూ ఊగుతుంది. అందుకే వారపు సగటు చూడాలి, నెలకోసారి నడుము కొలవాలి. లక్ష్యం పెట్టుకునే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: ఈ మార్పును మూడేళ్ల తర్వాత, పనిఒత్తిడి ఎక్కువగా ఉన్న వారంలో కూడా చేయగలమా? చేయగలమంటే అది చిన్నదైనా సరైన లక్ష్యమే. లేదంటే ఇంకాస్త తగ్గించుకోవాలి.