పెద్దల చక్కెర వ్యాధి: కంచం తగ్గించారు.. మాత్ర సంగతేమిటి?

* డెబ్బై దాటిన వారిలో చక్కెర పడిపోవడమే పెద్ద గండం
* రాగిజావ, బెల్లంపై అపోహలు వద్దు
* ఉపవాసాలకు ముందు వైద్యుని సలహా తప్పనిసరి

తణుకు: ఇంట్లో పెద్దవారికి మధుమేహం ఉన్నదని తెలిసిన మరునాటి నుంచే కంచంలో అన్నం సగమవుతుంది. కాఫీలో పంచదార ఆగిపోతుంది. మామిడిపండ్లు కంటికి కనబడకుండా దాచేస్తారు. రాత్రి భోజనం స్థానంలో రెండు పుల్కాలు వస్తాయి. ఇవన్నీ శ్రద్ధతో చేసేవే. అయితే రెండు పూటలా కడుపునిండా తింటున్న రోజుల్లో రాసిన మాత్ర మాత్రం అదే మోతాదులో, అదే వేళకు పడుతూ ఉంటుంది. వృద్ధులకు ప్రమాదం పొంచి ఉండేది ఇక్కడే. రక్తంలో చక్కెర పెరిగితే ఏళ్ల తరబడి శరీరాన్ని గుల్ల చేస్తుంది. పడిపోతే గంటల్లోనే ప్రాణం మీదకు వస్తుంది.

దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నట్లు భారత వైద్య పరిశోధన మండలి సహకారంతో జరిగిన అధ్యయనం 2023లో వెల్లడించింది. పిల్లలు హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగాలు చేసుకుంటుండగా ఊళ్లో మిగిలిన పెద్దల కంచం, మాత్రలు చూసుకునే బాధ్యత చాలా ఇళ్లలో కోడలిపైనో, ఇంట్లో ఉన్న మరో వృద్ధురాలిపైనో పడుతోంది. వారికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పని విషయాలే ఎక్కువ.

చాదస్తం కాకపోవచ్చు

మాత్రలన్నీ ఒక్కటి కావు. మెట్‌ఫార్మిన్ ఒక్కదాని వల్ల చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్ తీరు వేరు. తిన్నా తినకపోయినా ఇవి క్లోమగ్రంథి చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తాయి. వయసుతో మూత్రపిండాల పని మందగించినవారిలో మందు ప్రభావం మరింత సేపు నిలుస్తుంది. ముఖ్యంగా గ్లిబెన్‌క్లమైడ్‌ను వృద్ధులకు వాడకపోవడమే మేలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. పాత చీటీతోనే ఏళ్ల తరబడి మందుల దుకాణంలో మాత్రలు కొనే అలవాటు ఉన్న ఇళ్లలో ఆ చీటీని ఒకసారి వైద్యునికి చూపించి తీరాలి.

చక్కెర 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వయసులో ఉన్నవారికి వణుకు, చెమట, గుండెదడ, ఆకలి వస్తాయి. పెద్దవారిలో ఇవి స్పష్టంగా కనిపించకపోవచ్చు. రక్తపోటుకు అటినొలాల్, మెటొప్రొలాల్ వంటి మాత్రలు వాడుతుంటే గుండెదడ అసలే తెలియదు. వాటికి బదులు మాట తడబడుతుంది. మనవడిని కొడుకు పేరుతో పిలుస్తారు. కారణం లేకుండా కోపగించుకుంటారు. తెల్లవారుజామున లేచి తూలి పడతారు. వయసు మీద పడింది, చాదస్తం పెరిగిందని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకుంటారు. పక్షవాతమని పొరబడేవారూ ఉన్నారు. ఆ పడటంలో తుంటి ఎముక విరిగితే మంచం దిగడమే కష్టమవుతుంది.

అలాంటప్పుడు వెంటనే గ్లూకోమీటర్‌తో చూడాలి. మీటర్ లేకపోతే పరీక్ష కోసం వేచి ఉండరాదు. మూడు చెంచాల గ్లూకోజ్ పొడిని అర గ్లాసు నీటిలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్లీ చూసి, తేరుకోకపోతే మరోసారి ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా ఆహారం పెట్టాలి. గ్లూకోజ్ లేకపోతే పంచదార వాడవచ్చు. అయితే వాగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు వేసుకునేవారికి పంచదార త్వరగా పనిచేయదు. కాబట్టి ఆ ఇళ్లలో గ్లూకోజ్ పొట్లం ఎప్పుడూ ఉండాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. గ్లిమిపిరైడ్ వంటివి వాడేవారు ఒకసారి కోలుకున్నా కొన్ని గంటల్లో చక్కెర మళ్లీ పడిపోవచ్చు. లేచి కూర్చున్నారని నిశ్చింతగా వదిలేయకుండా ఆసుపత్రిలో చూపించడం అవసరం.

కొడుకు లెక్క తల్లికి పనికిరాదు

నలభై అయిదేళ్ల కొడుకుకు, డెబ్బై ఎనిమిదేళ్ల తల్లికి ఒకే లక్ష్యం పెట్టుకోవడం పొరపాటు. మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్న వృద్ధులకు 7 నుంచి 7.5 లోపు ఉంటే మంచిది. గుండె, మూత్రపిండాల జబ్బులు, మతిమరుపు తోడైనవారికి 8 లోపు ఉన్నా చాలునని, పరగడుపున 90 నుంచి 150 వరకు ఉండవచ్చునని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరికి ఎంత అన్నది వైద్యుడే నిర్ణయించాలి. మీటరులో 140 కనబడగానే అల్పాహారం మాన్పించడం మాత్రం తగదు.

కంచంలో ఏముండాలి

డెల్టాలో అన్నం మానమంటే ఎవరూ మానరు. మానవలసిన పని కూడా లేదు. కప్పు వండిన అన్నంలో పిండిపదార్థం దాదాపు 40 గ్రాములు ఉంటుంది. ఒక పూట నాలుగు కప్పులు తిని మరో పూట పస్తుండటమే అనర్థం. కంచంలో సగం కూర, పావు వంతు పప్పు లేక గుడ్డు లేక చేప, మిగిలిన పావు అన్నం అన్నది తేలికగా గుర్తుండే కొలత. ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం మించరాదని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలలో సూచించింది. పప్పు, పెరుగు, గుడ్డు వంటివి తగ్గిస్తే వృద్ధులలో కండ కరిగి నడక తూలుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు మాత్రం పప్పు, మాంసాల మోతాదు వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

పళ్లు లేని పెద్దలకు పచ్చి కీర, క్యారట్ ముక్కలు తినమని చెప్పే సలహాలకు కొదవ లేదు. వారికి మెత్తగా ఉడికిన బీర, సొర, పొట్ల కూరలు, ఆకుకూర పప్పు అనువైనవి. అన్నాన్ని గుజ్జుగా వండి మెదిపితే చక్కెర త్వరగా ఎక్కుతుంది గనుక కూర, పప్పు పాలు పెంచి కలపాలి. రాగిజావ తాగితే షుగర్ రాదన్న నమ్మకం బలంగా ఉంది. రాగులలోనూ పిండిపదార్థం బియ్యానికి కొద్దిగా మాత్రమే తక్కువ. మెత్తని పిండిని జావ కాస్తే అది త్వరగా జీర్ణమవుతుంది. గ్లాసుల కొద్దీ తాగి, పైన అన్నం తింటే ఫలితం తలకిందులే. పంచదార మాని బెల్లం, తేనె వాడటం వల్ల ఒరిగేదేమీ లేదు. కాకర, మెంతులు కూరగా వాడుకోవచ్చు. వాటిని నమ్ముకుని మాత్రలు మానరాదు. జామ, బొప్పాయి కొన్ని ముక్కలు తినవచ్చు. మామిడి సైతం భోజనంతో కాకుండా విడిగా చిన్న ముక్క తింటే నింగి విరిగి పడదు.

ఉపవాసం, జ్వరం

ఏకాదశి, కార్తీక సోమవారం, రంజాన్ ఉపవాసాలుండే పెద్దలు ముందే వైద్యుని కలిసి మాత్ర మోతాదు, వేళ మార్పించుకోవాలి. జ్వరం, వాంతులతో ఆహారం సయించని రోజున గ్లిమిపిరైడ్ వంటి మాత్ర వేసే ముందు వైద్యునికి ఫోన్ చేయడం మంచిది. ఇన్సులిన్‌ను మాత్రం సొంత నిర్ణయంతో పూర్తిగా ఆపరాదు. వృద్ధులకు దాహం అంతగా తెలియదు గనుక వేసవిలో అడిగి మరీ నీరు తాగించాలి.

ఇన్సులిన్ విషయంలో మరో జాగ్రత్త ఉంది. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది రెండూ దొరుకుతున్నాయి. ఎర్ర మూత సిరంజి 40 రకానికి, నారింజ రంగు మూతది 100 రకానికి. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలోకి తీస్తే రెండున్నర రెట్లు మందు శరీరంలోకి వెళుతుంది. చూపు మందగించినవారు తమంతట తాము సూది వేసుకునే ఇళ్లలో దీనిని మరొకరు తప్పక సరిచూడాలి. ఫ్రిజ్ లేనివారు సీసాను డబ్బాలో పెట్టి, తడి ఇసుక పోసిన మట్టికుండలో నీడన ఉంచుకోవచ్చు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ముప్పై ఏళ్లు దాటినవారికి మధుమేహ పరీక్షలు ఉచితంగా చేస్తున్నారు. ఏడాదికొకసారి కంటి రెటీనా, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించాలి. పాదాలను మాత్రం రోజూ రాత్రి దీపం వెలుతురులో వేళ్ల సందులతో సహా ఇంట్లోవారే చూడాలి. స్పర్శ తగ్గిన కాలికి ముల్లు గుచ్చుకున్నా ఆ పెద్దవారికి తెలియదు.