గంట డ్రిప్పు నుంచి ఒక్క సూదికి

మా దివిసీమలో పక్షవాతాన్ని ‘కాలూ చెయ్యీ పడిపోయాయి’ అంటారు. ఇక చేసేదేం లేదన్న నిరాశ ఆ మాటలోనే ఉంది. కానీ మెదడు నాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడ్డప్పుడు కొంత భాగం చచ్చిపోయినా, దాని చుట్టూ ఉన్నది కొన్ని గంటలు కొనఊపిరితో ఉంటుంది. గడ్డ కరిగితే అది బతుకుతుంది.

కరిగించే పదార్థం మన రక్తనాళాల గోడల్లోనే పుడుతుంది. పేరు టీపీఏ. బెల్జియంలో డెసిరే కొలెన్ బృందం దాన్ని చర్మ క్యాన్సర్ కణాల నుంచి శుద్ధి చేసింది. 1980ల మొదట్లో అమెరికాలోని జెనెన్‌టెక్ దాని జన్యువును పట్టుకుంది. అలా తయారైన ఆల్టిప్లేజ్ 1987లో గుండెపోటుకు మందైంది. మెదడుకు వాడాలంటే మాత్రం భయం, నాళం చిట్లితే? 1995లో 624 మందిపై జరిగిన పరీక్షలో ఆశా నిజమైంది, భయమూ నిజమైంది. మూడు గంటల్లోపు మందు పడ్డవాళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. నూటికి ఆరుగురికి మెదడులో రక్తస్రావమైంది. అందుకే సీటీ స్కాన్ చూడందే ఈ సూది వేయరు. 2008లో గడువు నాలుగున్నర గంటలకు పెరిగింది.

ఆల్టిప్లేజ్ రక్తంలో నిలవదు, ఐదు నిమిషాలకే సగమైపోతుంది. అరవై కిలోల మనిషికి 54 మిల్లీగ్రాములు కావాలి. పదో వంతు ముందుగా ఇచ్చి, మిగతాది పంపు పెట్టి గంటసేపు ఎక్కించాలి. కరకట్ట రోడ్డు మీద అంబులెన్సులో ఆ పంపును కనిపెట్టుకుని కూర్చోవడం ఎంత కష్టం!

అదే అణువును మూడుచోట్ల మార్చి చేసిందే టెనెక్టిప్లేజ్. ఇది రక్తంలో ఎక్కువసేపు ఉంటుంది, గడ్డను గట్టిగా పట్టుకుంటుంది. అదే మనిషికి సుమారు 15 మిల్లీగ్రాములు చాలు. సీసాలోని తెల్ల పొడిలో నీళ్లు పోసి, కుదపకుండా మెల్లగా తిప్పితే తేటబడుతుంది. సిరంజీతో ఐదు సెకన్లలో ఎక్కించేస్తారు. ఇది ఆల్టిప్లేజ్‌కు తీసిపోదని 2022లో కెనడా పరీక్ష తేల్చింది. అమెరికా 2025 మార్చిలో పక్షవాతానికి అనుమతిచ్చింది. మన దేశంలో అంతకు ఏళ్ల ముందే వాడుతున్నారు.

మనకు దీని విలువ దూరంలో ఉంది. బందరులోనో గుడివాడలోనో స్కాన్ చూసి, అక్కడే సూది వేసి, పెద్ద గడ్డయితే తీగతో లాగే చికిత్సకు బెజవాడ పంపొచ్చు. అవనిగడ్డలో కూడా స్కాను, ఈ సీసా రాత్రింబవళ్లు అందుబాటులో ఉండాలి.

మూతి వంకరపోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా 108కి ఫోన్ చేయండి. నోట్లో పసరు పోయకండి. మనిషి చివరిసారి బాగా ఉన్న టైము గుర్తుపెట్టుకోండి. నిద్రలో వస్తే పడుకున్న వేళ చెప్పండి. డాక్టరు మొదట అడిగేది అదే.