నడుమున పుట్టి కాలికి దిగే నొప్పి



పగిడ్యాల ప్రాంతంలో కె.సి. కాలువ క్రింద వరి నాట్లు పడేటప్పుడు ఆడవాళ్లు పొద్దంతా వంగే ఉంటారు. కోతలైనాక మగవాళ్లు బస్తాలెత్తుతారు. రెండింటిలోనూ దెబ్బ తినేది నడుమే. కొందరికి నొప్పి అక్కడితో ఆగదు. పిర్ర మీదుగా తొడ వెనుకకు, పిక్కకు, పాదం దాకా దిగుతుంది. దగ్గినా తుమ్మినా జివ్వున లాగుతుంది. వాతమనుకుని కాలికి తైలం రుద్దుతూ కూర్చుంటారు. నొప్పి కాలిలో ఉన్నా రోగం కాలిలో లేదు.

వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్లున్నాయి. వీటినే డిస్కులంటారు. పైన గట్టి పట్టీ, లోపల తాటిముంజ వంటి గుజ్జు. ఏండ్ల తరబడి అరిగిన పట్టీ, వంగి మెలితిరిగి బరువెత్తినప్పుడు చిట్లవచ్చును. గుజ్జు వెనక్కు ఉబికి, కాలికి పోయే నరపు వేరును నొక్కుతుంది. ఇదే సయాటికా. దీనికి డిస్కు కారణమౌతుందని 1934లో అమెరికాలో మిక్స్టర్, బార్ అనే వైద్యులు చూపారు.

చాలామందికి ఆపరేషన్ అక్కరలేదు. ఉబికిన గుజ్జు తరచు దానంతటదే కరుగుతుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి తగ్గుముఖం పడుతుంది. అంతదాకా మంచం పట్టవద్దు. భరించలేకపోతే ఒకటి రెండు రోజులు పడుకోండి, తర్వాత ఓర్చుకోగలిగినంత నడవండి. నొప్పి బిళ్లలు డాక్టరు చెప్పినన్నాళ్లే; నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడతాయి, మూత్రపిండాలు చెడతాయి. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తన్నించుకునే అలవాటొకటి మనలో ఉంది. చిట్లిన దిండు మీద తన్ను పడితే ఏమి బాగుపడుతుంది?

ఇక బస్తా సంగతి. ఒక మగవాడు మోసే బరువు 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే సిఫారసు చేసింది. మన ధాన్యం బస్తా 75 కిలోల లెక్క! దాన్ని ఒక్కడే ఎత్తితే మగతనమని మెచ్చుకుంటాం. తక్కువ పట్టండి, ఇద్దరెత్తండి. మోకాళ్లు మడిచి, బరువును పొట్టకు దగ్గరగా పెట్టుకుని లేవండి. తిరగాలంటే నడుము కాదు, పాదాలు తిప్పండి. నాట్లలో అప్పుడప్పుడు లేచి నడుము వెనక్కు వంచాలి. మేస్త్రీ ఊరుకోడంటారా? ఆ మాట విస్తరణ ఉద్యోగులు రైతుతోనే చెప్పాలి.

మూత్రం బిగిసినా, తెలియకుండా పోతున్నా, తొడల నడుమ స్పర్శ తెలియకున్నా, కాళ్లు బలం తప్పినా, పాదం లేవక చెప్పు జారిపోతున్నా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోన్ చేసి ఆ రాత్రే కర్నూలు పెద్దాసుపత్రికి బయలుదేరండి. గంటలు గడిచేకొద్దీ పోయిన బలం తిరిగిరావడం కష్టమవుతుంది.