ఎర్రమట్టి దిబ్బల పక్కన సైటు కొందామా?

మా వీధిలో నలుగురు ఆడవాళ్లం కలిస్తే మాటలు కూరల ధరల దగ్గర మొదలై, పిల్లల మార్కుల మీదుగా తిరిగి, చివరికి సైట్ల దగ్గర ఆగుతాయి. ఎవరు ఎక్కడ కొన్నారు, అప్పుడు గజం ఎంత పడింది, ఇప్పుడెంత పలుకుతోంది. విశాఖపట్నంలో కాపురం ఉంటున్న వాళ్లకి ఈ జబ్బు కొత్తదేం కాదు. నాకూ ఉంది. అందుకే ముందు నా సంగతే చెప్పుకుంటాను.

2023 దసరా వెళ్లాక మావారు ఒక రంగుల కాగితం తెచ్చి భోజనాల బల్ల మీద పరిచారు. భీమిలి దారిలో కొత్త లేఅవుటట. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఎర్రమట్టి దిబ్బలు. కాగితం మీద ఆ దిబ్బల ఫోటో ఎంత బావుందో! సాయంత్రపు ఎండలో కుంకుమ రాశులు పోసినట్టుంది. "రిటైరయ్యాక మనకి ఇంతకన్నా ఏం కావాలి? పొద్దున్నే కాఫీ తాగుతూ దిబ్బల్ని చూస్తూ కూర్చోవచ్చు" అన్నారాయన. నేనూ మురిసిపోయాను. దాచడం ఎందుకు, ఆ రాత్రే వంటిల్లు ఏ మూల వస్తుందో, బావి ఎక్కడ తవ్వించాలో కాగితం వెనక గీసి చూసుకున్నాను. మర్నాడే యాభై వేలు బయానా ఇచ్చేశారు.

ఆదివారం చూడటానికి బయల్దేరితే మా అత్తగారు కూడా వస్తానన్నారు. ఆవిడకి అప్పటికి డెబ్బై తొమ్మిదేళ్లు. సైటు మీద ఆవిడకేం మోజు లేదు. "తులసికోటకి పూయడానికి ఒక గుప్పెడు ఎర్రమన్ను తెచ్చుకుంటానే" అన్నారు. ఆవిడ చిన్నప్పుడు పండగొస్తే అరుగులకీ గడపలకీ ఎర్రమన్ను అలికి, పైన తెల్లని ముగ్గు పెట్టేవారట. పెయింటు డబ్బాలు వచ్చాక ఆ ముచ్చట పోయిందని ఆవిడ బాధ.

తీరా అక్కడికి వెళ్తే నేలంతా నున్నగా చదును చేసి, తెల్ల రాళ్లు పాతి ఉంది. ఏజెంటు కుర్రాడు "ఇదేనండీ మీ ప్లాటు" అని చూపించాడు. ఆ చదునుకి చివర దిబ్బ సగానికి కోసేసి నిలబడి ఉంది, హల్వా ముక్కని చాకుతో కోసినట్టు. లోపలి ఎరుపంతా పచ్చి పుండులా కనిపిస్తోంది.

"ఇక్కడ కూడా దిబ్బే ఉండేదా బాబూ?" అని అడిగాను.

"అవునండీ. చదును చేశారు. ముందు ముందు అటుపక్క కూడా చేస్తారండి. అప్పుడు మీకు సముద్రం ఇంకా బాగా కనిపిస్తుంది."

మా అత్తగారు కారు దిగుతూ ఈ మాట విన్నారు. "అదేమిటే, దిబ్బలు చూస్తూ కూర్చోవడానికని కదా కొంటున్నాడు వీడు. అవి తవ్వేస్తే ఇంక ఏం చూస్తాడు?" అన్నారు. ఏజెంటు నవ్వేశాడు. మావారు కూడా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రోడ్డు మీద కొబ్బరిబొండాలు అమ్మే ముసలమ్మ దగ్గర ఆగాం. ఆవిడది అక్కడి పల్లే. "మా సిన్నప్పుడు ఆ గెడ్డలో సెలమ తీస్తే తియ్యటి నీలు ఊరీవమ్మా. ఇప్పుడు బోరేసినా ఉప్పు కసే. ఈ మట్టంతా లారీలకెత్తీసి ఏటి కడతారో ఏటో" అంది, బొండం కొట్టి ఇస్తూ. ఆ ఒక్క మాటా నాతో ఇంటికొచ్చేసింది.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. దాని కాలేజీ లైబ్రరీ పుస్తకాలు, పాత పేపర్ల కత్తిరింపులు ముందేసుకుని ఇద్దరం వారం రోజులు కూర్చున్నాం. ఇంటర్మీడియట్‌తో చదువు ఆపేసిన నాకు అందులో సగం అర్థం కాలేదు. అర్థమైన సగమే మీకు చెబుతాను.

పేరుకి మట్టి దిబ్బలు గాని, అవి నిజానికి ఇసుక. వేల ఏళ్ల కిందట, మంచుయుగం నడిచిన కాలంలో, భూమ్మీద నీళ్లు చాలావరకు మంచుగా గడ్డకట్టేసి సముద్రం వెనక్కి వెళ్లిపోయిందట. అలా బయటపడ్డ ఇసుకని గాలి ఎత్తుకొచ్చి ఒడ్డున కుప్పలు పోసింది. ఆ ఇసుకలో ఇనుము ఉన్న ఖనిజాలు తడిసి, ఎండి, మళ్లీ తడిసి తుప్పు పట్టాయి. ఇనప పెనాన్ని తడి తుడవకుండా గట్టు మీద వదిలేస్తే మర్నాటికి ఎర్రబడుతుందే, అలాగన్నమాట. ప్రతి రేణువుకీ ఆ తుప్పు పూత పట్టి దిబ్బలకి ఈ రంగొచ్చింది. తర్వాత వానలు పడి, నీళ్లు పారిన చోటల్లా కోసుకుపోయి, మనం మధ్యలో నడిచే ఆ సందులూ లోయలూ ఏర్పడ్డాయి. ఇదంతా జరగడానికి పట్టిన కాలం పదివేల ఏళ్ల పైమాటే. తీరం వెంట సుమారు 5 కిలోమీటర్ల పొడుగున, కొన్నిచోట్ల 30 మీటర్ల మందం దాకా ఉన్నాయి. అంటే పదంతస్తుల మేడంత.

ఇలాంటి ఎర్ర ఇసుక దిబ్బలు మన చుట్టుపక్కల దేశాలన్నీ కలిపి చూసినా తమిళనాడు దక్షిణ తీరంలోనూ, శ్రీలంకలోనూ తప్ప పెద్దగా లేవట. అందుకే భారత భూవిజ్ఞాన సర్వే సంస్థ 2014లో దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించింది. మనం తిరుమల వెళ్లినప్పుడు చూసే శిలాతోరణానికీ ఆ గుర్తింపే ఉంది. 2025 సెప్టెంబరులో ఎర్రమట్టి దిబ్బలూ, తిరుమల కొండలూ రెండూ యునెస్కో వారి తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. అంటే పెళ్లిచూపులు అయ్యాయన్నమాట. పెళ్లి ఇంకా కాలేదు.

నీళ్ల సంగతికొస్తాను, అది మన వంటింటి సంగతి కదా. ఇసుక దిబ్బ వాన నీటిని జల్లెడలా లోపలికి తీసుకుంటుంది. అలా దిగిన మంచినీళ్లు నేల అడుగున నిలిచి, సముద్రం వైపు నుంచి వచ్చే ఉప్పునీటిని లోపలికి రానివ్వకుండా ఒత్తి పెడతాయి. దిబ్బ తీసేసి, ఆ జాగాలో సిమెంటు పరిచి, నాలుగు వందల అడుగుల బోర్లు వేసి లాగితే మంచినీళ్లు తగ్గిపోతాయి, ఉప్పునీళ్లు ఆ చోటుకి వచ్చేస్తాయి. ఉప్పునీళ్ల కాపురం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా చిన్న తోటికోడలు వాళ్ల అపార్టుమెంటులో కందిపప్పు కుక్కర్లో ఆరు కూతలు పెట్టినా పలుకు విడదు. తాగడానికీ వండటానికీ క్యాన్లు కొంటారు, తలంటుకుంటే జుట్టు అట్టకడుతుంది. గజం రేటులో ఈ ఖర్చు ఎవరూ కలిపి చెప్పరు.

ఈ దారిలో ఉన్నవి దిబ్బలొక్కటే కాదు. బీచి రోడ్డు మీద విశాఖ నుంచి వస్తుంటే ముందు తొట్లకొండ తగులుతుంది. రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధారామం. ఇది బయటపడిన కథ నాకు భలే నచ్చింది. 1976లో నౌకాదళం వాళ్లు తమ స్థావరం కోసం విమానంలోంచి సర్వే చేస్తుంటే కొండ మీద పాత కట్టడాల జాడలు కనబడ్డాయి. ఆ తర్వాత పురావస్తు శాఖవారు 1988 నుంచి 1993 దాకా తవ్వితే స్తూపాలు, భిక్షువుల గదులు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు దొరికాయి. చూశారా, అభివృద్ధి పని మీద వచ్చినవాళ్లే కాస్త కళ్లు పెట్టి చూస్తే ఇంత చరిత్ర దక్కింది. అదే ముందు బుల్‌డోజరు ఎక్కి ఉంటే?

తొట్లకొండ పేరే అక్కడ రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. కొండ మీద పడ్డ ప్రతి వాన చుక్కనీ పట్టి దాచుకున్నారు. మా అత్తగారు ఆ తొట్ల గట్టున నిలబడి "వీళ్లకి ఆడవాళ్లెవరో చెప్పి ఉంటారు, ఇంత పొదుపు మగాళ్లకి తోచదు" అన్నారు. అక్కడ ఉన్నది భిక్షువులని చెప్పినా ఆవిడ ఒప్పుకోలేదు! 2019 అక్టోబరు వానలకి అక్కడి మహాస్తూపం కొంత కూలిపోతే మళ్లీ బాగుచేశారు. దగ్గర్లోనే బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ కూడా ఇలాంటివే. బంధువులొస్తే మనం కైలాసగిరి చూపించి వెనక్కి తీసుకొచ్చేస్తాం గాని, ఇవి చూపించం.

ఇంక తాబేళ్లు. చలికాలం నడుమ నుంచి వేసవి మొదలయ్యేదాకా రాత్రిపూట ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డుకొచ్చి, ఇసుకలో గుంట తీసి, ఒక్కొక్కటీ వందకి అటూ ఇటూగా గుడ్లు పెట్టి వెళ్తాయి. ఏ తీరంలో పుట్టాయో ఆ తీరానికే పురిటికి రావడం వాటి స్వభావమట. పుట్టింటికొచ్చినట్టే కదా! గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలు వెలుతురు ఉన్న వైపుకి పాకుతాయి. చీకటి రాత్రి సముద్రం మీదే కాస్త మెరుపుంటుంది కాబట్టి అటు వెళ్లేవి. ఇప్పుడు ఒడ్డున రిసార్టులు, ఫ్లడ్‌లైట్లు. పాపం, రోడ్డు వైపుకి పాకుతాయి. అటవీ శాఖవారు గుడ్లు ఏరి, కంచె వేసిన చోట పాతిపెట్టి, పిల్లలయ్యాక సముద్రంలో వదులుతున్నారు. ఒకసారి మా అమ్మాయి వెళ్లి చూసొచ్చి, అరచేతిలో సగం కూడా లేవని రెండ్రోజులు అదే చెప్పింది.

ఇన్ని తెలిశాక ఇంట్లో గొడవ మొదలైంది. "నువ్వు కొనకపోతే దిబ్బ ఆగిపోతుందా? మనం మానేస్తే ఇంకొకడు కొంటాడు" అన్నారు మావారు. ఆయన మాటలో అబద్ధం లేదు. "రేపు పిల్ల పెళ్లికి ఈ సైటే అక్కరకొస్తుంది" అన్నారు. అదీ అబద్ధం కాదు. నేనూ ఇళ్లు కట్టొద్దనే మనిషిని కాను. మేముంటున్న కాలనీ ఒకప్పుడు జీడిమామిడి తోటే. మనుషులకి ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, పిల్లలకి ఉద్యోగాలు కావాలి. కానీ తోట మళ్లీ వేసుకోవచ్చు. ఆ దిబ్బని మళ్లీ పోయడం ఎవరి తరం? నాలుగు రోజులు మాటల్లేవు. వంట చేసి బల్ల మీద పెట్టి నా పని నేను చూసుకున్నాను. ఐదో రోజు ఆయనే వెళ్లి వద్దని చెప్పొచ్చారు. బయానాలో ముప్పై వేలు వెనక్కిచ్చారు, ఇరవై వేలు పోయాయి. ఆ ఇరవై వేల గురించి ఇప్పటికీ నెలకొకసారైనా వింటూనే ఉంటాను.

2024 జులైలో ఒకరోజు మావారు పేపరు తెచ్చి మాట్లాడకుండా నా ముందు పెట్టారు. దిబ్బల పక్కన యంత్రాలు పెట్టి ఎర్రమట్టి తవ్వి చదును చేస్తున్న ఫోటోలు. మేం చూసిన చోటు కాదు, వేరే. ఊళ్లో చాలామంది గట్టిగా అడిగాక అధికారులు ఆ పని ఆపించారు. ఆపించేలోపు పోయింది పోయినట్టే.

మీరూ ఏ ఊళ్లోనైనా సైటు చూస్తున్నట్టయితే మగవాళ్లతో పాటు ఒకసారి వెళ్లండి. రంగుల కాగితం చూసి ఊరుకోకుండా, అంతకుముందు ఆ నేల ఏమిటో పక్క పల్లెలో అడగండి. చెరువా, గెడ్డా, దిబ్బా, కొండా అని. మా ఊళ్లో అయితే లేఅవుటుకి వీఎంఆర్‌డీఏ, అదే పాత వుడా, అనుమతి నెంబరు ఉండాలి. రెరా నెంబరు అడగండి. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్ల లోపలైతే తీర నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి, ఇష్టమొచ్చినట్టు కట్టడానికి లేదు. భూవారసత్వ స్థలం హద్దు ఎక్కడి దాకా వచ్చిందో, ప్లాటు దానికెంత దూరమో రాతపూర్వకంగా చూపించమనండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీసుకోవడం ఎలాగూ మర్చిపోరు. "అన్నీ క్లియరేనండి" అని నోటితో చెబితే మాత్రం లేచి వచ్చేయండి.

అన్నట్టు, మన తప్పులు కూడా కొన్నున్నాయి. కార్తీకమాసం వనభోజనాలకి మేమూ ఎన్నో ఏళ్లు దిబ్బల్లోకే వెళ్లాం. మూడు రాళ్లు పెట్టి పొయ్యి వెలిగించాం. పిల్లలు పైనుంచి కిందికి జారుడుబల్లలా జారుతుంటే చప్పట్లు కొట్టాం. జారిన చోటల్లా ఇసుక రాలి గాడి పడుతుందని ఎవరికి తెలుసు? తిన్న ప్లాస్టిక్ ప్లేట్లు అక్కడే వదిలేసి వచ్చిన ఏడాది కూడా ఉంది, చెప్పుకోవడానికి సిగ్గే.

2025 కార్తీకంలో మళ్లీ వెళ్లాం. వంటంతా ఇంట్లోనే చేసి, పులిహోర, దద్దోజనం, చక్రపొంగలి స్టీలు క్యారేజీల్లో పట్టుకెళ్లాం. దిబ్బలెక్కకుండా రోడ్డు దగ్గర చెట్టు కింద జంపఖానా పరుచుకున్నాం. అత్తగారు ఈసారి మన్ను అడగలేదు. పోయినసారి తెచ్చిన గుప్పెడే డబ్బాలో ఇంకా ఉందట. భోజనాలయ్యాక స్టీలు పళ్లేలన్నీ లెక్కపెట్టి సంచిలో సర్దుతుంటే, మావారు నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు ఆ ఎరుపు వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడిక్కడ గజం ఎంతుందో" అన్నారు.

అత్తగారు విని కూడా విననట్టు ఊరుకున్నారు.