తాగనివారికీ కాలేయపు జబ్బు

మా డోన్ సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. చుక్క మద్యం ముట్టని మనిషి. కడుపులో రాళ్లున్నాయేమోనని స్కానింగ్ తీయిస్తే డాక్టరుగారు ఫ్యాటీ లివర్ అన్నారు. ఆ మాట బయటికి పొక్కింది. "లివర్ చెడిందంటే చాటుగా తాగుతున్నాడేమో" అని కొందరు గుసగుసలాడారు. మేము విని కూడా ఖండించలేదు. ఆయన రెండు నెలలు ఆరాధనకు రాలేదు. ఇటువంటి తప్పు మరే సంఘంలోనూ జరుగకూడదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

పెద్దవారి కాలేయం సుమారు కిలోన్నర బరువుంటుంది. ఒంటికి కావలసిన శక్తిని నిలువ చేసేది, విషాలను విరిచేది అదే. మన పనికి మించి తిన్న అన్నం, చక్కెర అక్కడ కొవ్వుగా మారతాయి. ఆ కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివర్ అంటారు. మద్యం ఒక కారణం మాత్రమే. పొట్ట పెరగడం, షుగరు, రక్తంలో కొవ్వు, ఒళ్లు కదలని బ్రతుకు కూడా కారణాలే. సన్నగా ఉన్నవారికీ రావచ్చు. మద్యంతో సంబంధం లేని ఈ జబ్బును భారత ప్రభుత్వం 2021లో షుగరు, గుండెజబ్బుల జాతీయ నివారణ కార్యక్రమంలో చేర్చింది.

మొదట్లో నొప్పి తెలియదు. ఏళ్ల తరబడి వదిలేస్తే వాపు వస్తుంది, తరువాత మచ్చలు కట్టి కాలేయం గట్టిపడుతుంది. కొందరికి క్యాన్సరు కూడా రావచ్చు.

మన సీమలో పూర్వం కొర్రన్నం, జొన్నరొట్టె, సంగటి తిని పొద్దుగూకేదాకా చేలో వంగి పనిచేసేవారు. ఇప్పుడు మూడు పూటలా తెల్లన్నం, ఉదయం ఉగ్గాని బజ్జీ, సాయంత్రం తియ్యటి టీ, పెండ్లిలో కూల్‌డ్రింకు. దున్నడానికి ట్రాక్టరు వచ్చింది. తిండి పెరిగింది, చెమట తగ్గింది.

మరి ఏమి చేయాలి? నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. వారానికి 5 రోజులు అరగంటసేపు చురుకుగా నడవాలి. 80 కిలోల మనిషి 4 కిలోలు తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 6 నుండి 8 కిలోలు తగ్గితే వాపు కూడా తగ్గే అవకాశముంది. అయితే మెల్లగా తగ్గాలి, పస్తులు పనికిరావు. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచాలి. జొన్నరొట్టె అయినా మితంగానే తినాలి. మద్యం బొత్తిగా వద్దు. పేరు తెలియని పసరు మందులు కాలేయాన్నే చెరపవచ్చు. షుగరు ఉన్నవారు డాక్టరును అడిగి లివరు పరీక్ష చేయించుకోవాలి.

బబులోనులో దానియేలు రాజభోజనం వద్దని, శాకధాన్యాలతో పది దినాలు పరీక్షించి చూడమన్నాడు. మన ఇంట్లో ఒక నెల పరీక్షించలేమా?

మేము ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. ఆయన ఒక్క మాటే అన్నారు: "నన్నే అడిగి ఉంటే చెప్పేవాణ్ణి గదయ్యా." ఇప్పుడు తెల్లవారుజామున ఆయనతో కలిసి మేమూ నడుస్తున్నాము.